అగ్గి గుహ, అల్లుడి ముక్కు

నా ముక్కు ఒకసారి కరీంనగర్‌లో ఒక పార్కును మొత్తంగా ఆపేసింది. ఆ ఘనకార్యం నాదేనని జనం అంటారు. నేను మాత్రం ఈనాటికీ ముక్కునే తప్పుపడతాను.

అప్పుడు నా భార్య లత అలిగి పుట్టింట్లో కూర్చుంది. పెళ్లి భోజనంలో నాకు ఎముకలే వడ్డించారని మూడేళ్లుగా దెప్పుతున్నానట. దెప్పక, మరిచిపోవాలా? సరే, లత తిరిగి రావాలంటే అత్తమ్మ మనసు కరగాలి. అందుకే ఇద్దరినీ పార్కుకు తీసుకెళ్లాను.

చీకటి గుహలోకి రానంటూ అత్తమ్మ జెయింట్ వీల్ ఎక్కింది. నేనూ లతా ‘అగ్గి గుహ’లోకి నడిచాం. అక్కడ గోడల్లోంచి ఫ్యాన్లు వాసనలు ఊదుతాయి. తడిసిన మట్టి వాసన అన్నారు. ముక్కిన గోనెసంచి కంపు కొట్టింది. మల్లెతోట అన్నారు, అచ్చం బాత్రూం కడిగే మందు.

“నీ ముక్కుకు ఒక్కటన్న నచ్చుతదా?” అంది లత.

జవాబిచ్చేలోపే గుప్పున కాలిన వాసన!

నేను సిరిసిల్లలో సాంచాల షెడ్డులో పెరిగినవాణ్ని. ఆ మరమగ్గాల చుట్టూ పేరుకున్న నూలు దుమ్ము ఒక్క నిప్పురవ్వకే భగ్గుమంటుంది. కాలిన వాసన వస్తే ముందు మెయిన్ దించాలి, తర్వాతే సంగతేమిటని అడగాలి. బయటికి పరుగెత్తి, కనిపించిన పెద్ద కరెంటు డబ్బాలో మెయిన్ దించేశాను. పార్కు మొత్తానికీ అదే డబ్బా అని నాకెవరు చెప్పారు?

గుహ నడిపే అతను ఉరుకులు పరుగులతో వచ్చాడు. “ఏం జేసినవ్ అన్నా?”

“లోపల మోటరు కాలుతుంది!”

“మోటరు గాదు, సెంటు! అగ్గి సీను రాంగనే గా వాసన మేమే ఇడుస్తం!”

“కాలిన కంపుకు కూడా సెంటా? జర సిగ్గుండాలె!”

“ముందుగాల మెయిన్ ఎయ్యే!”

వేయబోయాను. పిడి ఊడి నా చేతికొచ్చింది.

“మా అవ్వ ఏదీ?” అంది నా వెనకే బయటికొచ్చిన లత.

ముగ్గురం తల పైకెత్తాం. ఆగిపోయిన చక్రం పైకొసన, కొంగు జెండాలా ఎగురుతుండగా, అత్తమ్మ.

“అల్లుడా! గిది నీ పనేనా?”

“ఫికర్ చెయ్యకు అత్తమ్మా! ప్రమాదం తప్పింది!”

“ఎవలకు తప్పింది?”

కరెంటు మేస్త్రీ రావడానికి గంట పట్టింది. కిందికి దిగిన అత్తమ్మ నా మొహమే చూడలేదు. “లతా, బట్టలు సదురుకో. ఈయనతోని పో.”

నా గుండె ఉప్పొంగింది. “మాఫ్ చేసినవా అత్తమ్మా?”

“మాఫీ లేదు, ఏం లేదు. ఈ పిల్ల మా ఇంట్ల ఉంటే, మమ్ముల పార్కులకు తిప్పుతా అనుకుంట నువ్వు మళ్ల వస్తవ్!”

కాబట్టి పాఠకులారా, మీ ఎదుట చేయి చాచి ప్రమాణం చేస్తున్నాను: ఇకపై మంటలు కళ్లారా చూసినా సరే, అత్తమ్మ రెండు కాళ్లూ నేల మీద ఉన్నాయని నిర్ధారించుకోనిదే ఏ స్విచ్చూ ముట్టుకోను.