రషీదా గీసిన నెమలి

వాకాడులో మగ్గం వర్కు చేసే రషీదాకు లాప్‌టాప్ తెరే గీతల బల్ల. డిజైను తెరిచి, దాని మీద బటర్ పేపరు పరిచి, కింద వెలిగే గీతల వెంబడి పెన్సిలు నడుపుతుంది. గీత కుదిరేకొద్దీ నాలుక కొన పళ్ళ మధ్యకు వస్తుంది. అది వచ్చిందంటే చెయ్యి కూడా బరువెక్కిందన్నమాటే. అలా రెండేళ్ళు ఒత్తీ ఒత్తీ తెరలో ఎడమ సగం నల్లబడింది. కుడి సగం ఈ పొద్దున మిణుకుమిణుకుమంది. పెళ్ళికూతురి జాకెట్టేమో ఎల్లుండికి ఇవ్వాలి.

పక్కింట్లో కంప్యూటర్లు బాగుచేసే మునీర్ వచ్చి, లోపం ఎక్కడుందో తేల్చడానికి లాప్‌టాప్‌ను టీవీకి కలిపాడు. గోడ మీది టీవీలో డిజైనులోని నెమలి, జాకెట్టు వీపంత పింఛం విప్పింది. రషీదా చేతిలో టీ గ్లాసు కిందపెట్టడం కూడా మరిచిపోయింది.

"తెర ఒకటే పోయిందక్కా. కొత్తది వేయించేదా, పక్కన పడేసేదా?"

"రెండూ వద్దన్నా! ఇన్నాళ్ళూ ముక్కలు గీసి అతికించినా. ఇప్పుడు చూడు, తోకంతా ఒక్కసారే వచ్చేసింది!"

అప్పటికే ఆమె స్టూలెక్కి, బటర్ పేపరును టేపుతో టీవీకి అంటించేస్తోంది. మునీర్ కంగారుపడ్డాడు.

"అక్కా, ఆ తెరను చంపింది నీ పెన్సిలే. దీన్ని మాత్రం ఒత్తొద్దు."

"అయ్యో, ఒత్తుతానా అన్నా! పూవు మాదిరి పట్టుకుంటా" అంది రషీదా. పెన్సిలు నెమలి మెడ దగ్గర ఆనింది. నాలుక కొన మెల్లగా పళ్ళ మధ్యకు వచ్చింది.