ఆమెన్ అన్నాకే దిగాడు

జగిత్యాలలో బస్సు కదలగానే నా పక్క సీటులోని పాతికేళ్ల పిల్లగాడు సన్నగా యేసయ్య పాట ఎత్తుకున్నాడు. ఏం గొంతు అది! బస్సంతా మాటలాపి వింది.

“ఎవ్వలు నేర్పిన్రు కొడుకా?” అన్నాను.

“ఎవ్వలు నేర్పలే అవ్వా, పుట్టుకతోనే అచ్చింది. కోరుట్ల సంఘానికి నన్ను పాస్టర్‌ను చేసిన్రు. ఇయ్యాల మొదటి ఆరాధన. భయమైతుంది.”

“గింత గొంతు పెట్టుకొని భయమేంది?”

“గందుకే భయం. గొంతు విని జనం మురుస్తరు, నేను గూడ మురుస్త. దేవుడు పక్కన లేకున్నా నాకు తెల్వది. జర నాకోసం ప్రార్థన చెయ్యవ్వా” అని తల వంచాడు.

నేను మొగుడు పోయినదాన్ని, చదువు రానిదాన్ని. మా సిరిసిల్ల సంఘంలో నన్ను పైకి ప్రార్థించమని ఎవరూ ఎన్నడూ అడగలేదు. అయినా కొంగు తలమీద కప్పుకుని, అతని నెత్తిన చెయ్యి పెట్టాను.

“అయ్యా, గీ పోరనికి గొంతిచ్చినవు. ఇగ వాని చెయ్యి ఇడువకు.”

“కోరుట్ల అచ్చింది! దిగుతడా, లేదా?” అని కండక్టర్ అరిచాడు.

“ఆగయ్యా, ఆమెన్ అన్నంక దిగుతడు!” అన్నాను.

బస్సంతా నవ్వింది. అతను నవ్వుతూనే ఆమెన్ అని దిగిపోయాడు.

తర్వాతి ఆదివారం సిరిసిల్లలో మా పాస్టరయ్య “ప్రార్థన ఎవరు చేస్తరు?” అని అడిగాడో లేదో, వెనక వరుసలో నేను లేచి నిలబడ్డాను.