గార్డు మామ కొలత

మార్కాపురంలో మంచి పలకలను ముక్కల ధరకు అమ్మిన మొనగాణ్ని నేనొక్కణ్నే. కొన్నది దొరల రైల్లో గార్డుగా చేసి దిగిపోయిన మామ. వసారాలో రేకు ఇంజను, వెదురు పట్టాలతో బొమ్మ రైలుమార్గం కడుతూ, నల్లమల కొండలకు పలకలు కావాలన్నాడు. ఇంజనును చేత్తో తోసే ముందు ప్రతిసారీ పచ్చగుడ్డ ఊపేవాడు.

బొమ్మ స్టేషన్ పక్కనే నా దుకాణం బొమ్మ కూడా పెడతాడన్న ఆశతో ఆ ధరకు ఒప్పుకున్నాను. ఆయన బద్దతో కొలిచాడు.

"ఏంది శెట్టీ, స్టేషనెక్కడ, ఊరెక్కడ? మధ్యన మైళ్ల దూరముండాది. కొలత ప్రకారం నీ దుకాణం వీధరుగు మీదికి పోతాది."

"కొంచెం జరుపు మామా, ఎవరు చూసినారు?"

"నేను చూసినా గదా, ముప్పై ఏండ్లు!"

అగ్గిపెట్టెతో చేసిన నా దుకాణాన్ని తీసుకెళ్లి వీధరుగు మీదే పెట్టాడు.

లెక్కవేస్తే, పోయినవి రెండు డజన్ల పలకలు. వచ్చింది రైలుకందని దుకాణం. నష్టమే. అయితే వీధిన పోయేవాళ్లు రైలుకంటే ముందు దాన్నే చూసేవారు. ఆ పద్దు రాయకపోతే అబద్ధమవుతుంది.