నత్త గుల్లలో ఎండ్రికాయ

కరీంనగర్‌లోని మా ఇంటి ఉప్పునీటి అక్వేరియంలో ఈ రోజు పొద్దున రెండు నత్తల్లో ఒకటి మాయమైంది. దాని చారల గుల్లను తొడుక్కుని ఎండ్రికాయ పగడాల మధ్య దర్జాగా తిరుగుతోంది. ఈ జాతి ఎండ్రికాయలకు సొంత గుల్ల ఉండదు, పరాయి గుల్లల్లోనే కాపురం. "నత్తలు, ఎండ్రికాయ మంచిగ కలిసుంటయ్ సార్" అని అంటగట్టిన దుకాణదారు ఫోనెత్తలేదు. ఇలాంటి సామరస్య ప్రవచనాలను నేనెప్పుడూ నమ్మను. ఎండ్రికాయను పట్టి, అక్వేరియం నీళ్ళే పోసిన డబ్బాలో వేశాను.

మా ఆవిడ సుజాత ఊరుకుంటుందా?

"అది చంపంగ నువ్వు చూసినవా?"

"ఒంటి మీద గుల్ల కనవడుతలేదా? ఇంకేం సాక్ష్యం గావాలె?"

"నత్త దానంతట అదే సచ్చిపోతే, ఖాళీ ఇంట్ల సొచ్చిందేమో! సాక్ష్యం లేకుంట ఎవ్వల్నీ లోపలెయ్యద్దని మొన్న పౌరహక్కుల మీటింగుల గొంతు చించుకున్నది నువ్వు గాదా?"

ఎండ్రికాయను మళ్ళీ అక్వేరియంలోకి విడుదల చేశాను. అది తిన్నగా రెండో నత్త దగ్గరికి పోయి, దాని గుల్లను కాళ్ళతో కొలవసాగింది.

సూత్రం తప్పలేక ఈసారి నత్తనే డబ్బాలోకి మార్చాను. బొగ్గు గని కోసం ఊళ్ళను లేపే సర్కారును ఇన్నేళ్ళుగా తిట్టినవాణ్ణి. ఇప్పుడు నేను చేసిందేమిటో మీరే చెప్పండి.