కిరాయి డబ్బ

"ఏమే, కిరాయి డబ్బలకెళ్లి ఐదు నూర్లు తీస్తున్న. దోస్తు బిడ్డ పెండ్లికి కట్నం చదివియ్యాలె" అన్నడు మా ఆయన, డ్యూటీ అంగి గుండీలు పెట్టుకుంట.

"ఆ డబ్బ ముట్టినవో, ఈ ఇంట్ల నీకు అన్నం బంద్" అన్న నేను, పెనం మీద రొట్టె తిప్పుకుంట.

అవే మా ఇద్దరి ఆఖరు మాటలు. ఆయన డబ్బ ముట్టలె. నవ్వుకుంట పోయిండు. తెల్లాపూర్ల పెద్దోళ్ల ఇండ్ల గేటు కాడ ఆయన వాచ్‌మెన్. కుర్చీల కూసున్నోడు కూసున్నట్టే, గుండె ఆగి పోయిండు. పొయ్యేటోనికి గసువంటి మాట అన్నవా అని మావోళ్లు ఇప్పటికీ దెప్పుతరు. అన్న. మల్ల లేచొచ్చి అడిగినా గదే అంట. నేను చెప్తుంటె మా చెల్లె బిడ్డ రాస్తున్నది. గట్లనే రాయి బిడ్డ, ఏం మార్చకు.

నాకు సంతకం దాంకనే వచ్చింది చదువు. మా పైసల లెక్క కాయితం మీద ఉండదు, డబ్బలల్ల ఉంటది. నేను గాజు బిల్డింగుల బాత్రూములు కడిగిన జీతం, ఆయన జీతం రాంగనే కింద కూసోని పంచుతుంటిమి. సొట్టవోయిన పాలపొడి డబ్బ కిరాయిది. బిస్కెట్ల రేకు డబ్బ బియ్యం, నూనె, గ్యాస్‌ది. ఊరగాయ సీసా నా బీపీ గోలీలది. చిన్న గిన్నె ఆయన బీడీలకు, ఛాయలకు. గిన్నె ఒడిస్తే ఆ నెలకు బీడీలు ఒడిసినట్టే. ఒక దాంట్లది ఇంకొక దాంట్ల కలుపొద్దు. శురువుల మస్తు లొల్లి పెట్టిండు, తర్వాత ఆయనే అలవాటు పడ్డడు.

ఈ డబ్బలు ఊకెనే పెట్టలె. అంతకుముందు ఒకపారి కిరాయి తప్పినం. ఓనరు మా పొయ్యి, మా పరుపు తెచ్చి ఖాజాగూడ రోడ్డు మీద పెట్టిండు, వాన దంచుతుండంగ. ఆ తడిసిన పరుపు వాసన ఇంక నా ముక్కులనే ఉన్నది.

మొగడు పోతే ఆడిది మూలకు కూసోవాలె, ఏం ముట్టొద్దు, పనులన్ని అయినోళ్లు చూసుకుంటరు. అది మావోళ్ల రివాజు. మంచిదే, కడుపునిండ ఏడుస్త అనుకున్న. తెల్లారి చిల్లర గలగల ఇనవడ్డది. తలకాయ ఎత్తి చూస్తే మా ఆయన అన్న, మా బావ, తువ్వాల పరిచి నా డబ్బలన్ని బోర్లించిండు. అన్నిట్ల పైసలు ఒక్క కుప్ప అయినయి.

"ఏంది బావ గిది?"

"నీకెందుకమ్మా, నువ్వు కూసో. దినాలకు యాట కొయ్యాలె, మందు తేవాలె. మా తమ్ముని ఇజ్జత్."

"అండ్ల కిరాయి ఉన్నది."

"పైసలకు పేర్లుంటయా, పిచ్చిదానా?"

"నా ఇంట్ల ఉంటయి" అని లేచిన. మా ఆడిబిడ్డ చెయ్యి పట్టుకున్నది. "వదినె, మూల దాటొద్దు, అరిష్టం."

"రేపు ఓనరు బయట పడేస్తే ఏ మూలకు కూసోవాల్నో నువ్వే చూపియ్యి" అన్న.

కుప్ప ముంగట కూసున్న. ఏ డబ్బల ఎంతుండెనో నాకు నోటికి ఉన్నది. కిరాయి తీసి కొంగుకు ముడేసుకున్న. బియ్యం పైసలు తీసిన, గోలీల పైసలు తీసిన. ఆఖరుకు నాలుగు చిన్న నోట్లు, గింత చిల్లర మిగిలింది. "ఇవి ఆయన గిన్నెలయి. ఆయన పైసలతోని ఏదొస్తే గదే ఆయనకు పెడతా" అన్న. బావ మొఖం మాడిపోయింది.

మూడో దినం పిట్టకు పెట్టనీకి మిద్దె మీద విస్తరేసినం. అన్నం, రెండు గుడ్లు, గ్లాసుల ఛాయ, పక్కన బీడీ కట్ట. "గుడ్లకు వస్తడా వాడు? యాట లేదని అలిగిండు" అని బావ చాటుగ కాదు, అందరు ఇనేటట్టే అన్నడు. కాకి రాలె. అందరు నా దిక్కే చూసుడు. పోయినోని పేరు చెప్పి తాగేటోళ్లకు నా కిరాయి పైసలు పొయ్యాల్నా?

జరసేపటికి ఎటుకెళ్లి వచ్చిందో ఒక కాకి గుడ్డు ముక్క ఎత్తుకపోయింది.

"అది వాడు కాదు, వేరే కాకి" అన్నడు బావ.

గా దినం పోయిన బావ మల్ల మా గడప తొక్కలె. కిరాయి కోసం మొగన్ని దిక్కులేనోని లెక్క సాగదోలింది అని ఊరంత చెప్పుకుంట తిరుగుతుండు. చెప్పుకోని. ఒక్కదాని జీతానికి పాలపొడి డబ్బ నిండుతలేదు, అందుకే పొద్దుమీకి ఇంకో ఇంట్ల బాసాండ్లు తోముతున్న. కిరాయి ఒక్క నెల తప్పలె. ఈ అర్రలనే ఉన్న. ఆయన గిన్నె మాత్రం బోర్లేసి పెట్టిన, అండ్ల ఇంకొకటి ఏస్తలేను.

ఇగ మొదటికెళ్లి చదువు బిడ్డ. బావ మాటల కాడ మెత్తగ రాసినవేమో నేను ఇనాలె.