అద్దానికి లొంగని చెయ్యి

వీధి చివర సెలూన్ నడిపే ఆయన్ని అందరూ కటింగ్ మాస్టారనే పిలుస్తారు. నోరెక్కువ, ఓపిక తక్కువ. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయాక ఆ కాస్త ఓపికా హరించుకుపోయింది. మళ్ళీ కత్తెర పట్టగలరా లేదా? భార్యకి రాత్రీపగలూ అదే బెంగ, పైకి అనడానికి మాత్రం భయం.

ఫిజియోథెరపీ అమ్మాయి బల్ల మీద అద్దం నిలబెట్టింది. పడిపోయిన చెయ్యి అద్దం వెనక, మంచి చెయ్యి ముందు. "అద్దంలో కదిలేది మీ కుడిచెయ్యే అనుకోండి మాస్టారూ. నెమ్మదిగా మెదడు నమ్ముతుంది" అంది.

"ముప్పయ్యేళ్ళు అద్దంలో చూస్తూ గడ్డాలు గీసినవాణ్ణి! తాతకు దగ్గులు నేర్పుతున్నావా అమ్మాయ్? అది నా ఎడమచెయ్యే!"

పదిరోజులు ప్రయత్నించినా ఆ బుర్ర నమ్మితేగా!

"సరే, మీరే గెలిచారు. రెండు వేళ్ళు కాస్త వంగుతున్నాయిగా, వాటితోనే మొదలెడదాం" అంటూ ఆమె మంచి చేతికి మందపాటి తొడుగు తొడిగింది. రోజుకి నాలుగు గంటలు అది తియ్యకూడదు. ఏ పనైనా మొండికేసిన చెయ్యే చెయ్యాలి.

గుండీ పెట్టుకోలేక ఆయన తంటాలు పడుతుంటే భార్యకి మనసొప్పేది కాదు. గబుక్కున తనే పెట్టేసేది. గ్లాసు నోటికందించేది. వారం తిరిగినా ఎక్కడ వేసిన గొంగళి అక్కడే.

"పిన్నిగారూ, మీ ప్రేమే ఆ చేతిని బద్ధకిస్టుని చేస్తోంది" అంది అమ్మాయి.

పాపం, ఆ మాటకి ఆ ఇల్లాలు వంటింట్లోకెళ్ళి బావురుమంది. మర్నాడు పొద్దున్నే జుట్టు విరబోసుకుని ఆయన కుర్చీ ముందు కింద చతికిలబడింది.

"చిక్కు తియ్యండి."

"మతిపోయిందా నీకు?"

"ఊరందరి తలలూ దువ్వారు. నా తల ఒక్కసారైనా ముట్టుకున్నారా? కానివ్వండి, నేను వేలు పెట్టను."

దువ్వెన మూడుసార్లు జారిపడింది. ప్రతిసారీ అందివ్వబోయి, ఆమె చేతులు ఒళ్ళో బిగబట్టుకుంది. ఆయనే తిట్టుకుంటూ వంగి తీసుకున్నారు. నాలుగోసారి బొటనవేలు దాన్ని అదిమి పట్టింది. పాపిడి తియ్యడానికే గంట పట్టింది.

"పాములా వంకర తిరిగింది. సరిచేసుకోవే" అన్నారు, సిగ్గుపడిపోతూ.

ఆమె దువ్వెన ముట్టలేదు. అదే తలతో సంచీ పట్టుకుని బజారుకి బయల్దేరింది.

"ఎవరమ్మా ఇంత చక్కగా తల దువ్వింది?" అని కూరలాయన పకపకా నవ్వాడు.

"మా ఆయన. కుడిచేత్తో" అంది ఆమె, తలెత్తి.