ఆండాళత్త రగ్గు

రగ్గు మడత విప్పి గిన్నె మూత తీయగానే వేడి అన్నం ఆవిరి ముఖానికి కొట్టి, కళ్లద్దాలు మసకబారాయి. పుదుచ్చేరిలో సారం అనే పేటలో ఉన్న మా ఫ్లాటుకు కొత్తగా వచ్చిన వాళ్లు, అన్నం గిన్నెకు ఇంత చలేమిటని నవ్వుతారు. ఒకప్పుడు నేనూ అలా నవ్వినదాన్నే. ఆ పాత రగ్గు ఆండాళత్తది.

పెళ్లైన కొత్తలో ఉద్యోగం కోసం యానాం నుంచి వచ్చి, ఒర్లియంపేటలో ఆవిడ ఇంటి మేడమీద అద్దెకు దిగాం. ఏనాడో పుదుచ్చేరిలో స్థిరపడ్డ తెలుగు కుటుంబం వాళ్లది. వరుసకు అత్త అని పిలిచేదాన్ని గానీ, నిజానికి ఆవిడ మా కరెంటుకు కాపలాదారు. ఎదురుగా కూర్చుని మాట్లాడితే సరిగ్గా వినపడదు. మేడమీద ఉత్తినే తిరిగే ఫ్యాను మాత్రం కింది గదిలోకి వినపడేది. నేను వరండాలోకి వస్తే చాలు, కేక వేసేది: "యమ్మాయ్, ఆ ఫ్యాను ఎవురికి? గోడకు చెమట పడతా ఉందా?" బియ్యం కడిగిన నీళ్లు కరివేపాకు చెట్టుకు, చిరిగిన చీర మసిగుడ్డలకు, కూరగాయల తొక్కలు పెరట్లో గుంతకు పోయేవి. ఆ ఇంటి నుంచి చెత్తబండికి ఏదైనా దక్కిందంటే బండివాడి అదృష్టమే.

ఫోన్లో ఈ కథలన్నీ విని మా అత్తగారు మండిపడ్డారు. అలాంటి పిసినారి ఇంట్లో కొడుకు చిక్కిపోతాడని, తానే వచ్చి ఇల్లు మార్పిస్తానని అన్నారు.  నేనెంత విసుక్కున్నా, ఆఫీసు నుంచి ఆలస్యమైతే నా కోసం గుమ్మంలో కూర్చునే మనిషి ఈ ఊళ్లో ఆండాళత్త ఒక్కతే. ఆవిడను వదిలి పోవడం నాకు సుతరామూ ఇష్టం లేదు.

అత్తగారు దిగిన రోజే ఆండాళత్త మమ్మల్ని భోజనానికి పిలిచింది. ముందు గదిలో మంచం మీద, తలదాకా రగ్గు కప్పుకుని ఎవరో పసివాడు ముడుచుకున్నట్టు కనిపించింది. అత్తగారు మమ్మల్ని మాట్లాడొద్దని సైగ చేసి, పక్కన కూర్చుని మెల్లగా జోకొట్టసాగారు. అదేమిటో నాకు తెలుసు. నవ్వు బయటపడకుండా కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

"ఒళ్లు కాలిపోతుందే. బిడ్డకింత జ్వరం పెట్టుకుని మనకి వండడమేంటమ్మా ఈవిడ?" అన్నారు అత్తగారు.

ఆండాళత్త వంటింట్లోంచి వచ్చింది. "జొరం యాడుంది వదినా, అది అన్నం. సగం ఉడికినాక పొయ్యి ఆర్పి చుట్టి పెడితే మిగతాది అదే ఉడుకుతుంది. గ్యాసు సుమ్మా, ఉత్తినే ఎందుకు మండాల?"

రగ్గు విప్పితే మెతుక్కి మెతుకు అంటని అన్నం. అత్తగారు మారు వడ్డించుకున్నారు. ఇల్లు మార్చే మాట మళ్లీ ఎత్తలేదు. ఊరికి బయల్దేరే ముందు మాత్రం, రగ్గు ఎంత మందం ఉండాలో నా చెవిలో అడిగి తెలుసుకున్నారు.

తర్వాతెప్పుడో మేం సారానికి మారుతుంటే ఆండాళత్త ఆ రగ్గు నా చేతిలో పెట్టింది. పోయినేడు ఆవిడ చనిపోయింది. అందరూ ఏడుస్తూ ఆవిడ వెంట వీధిలోకి నడిచారు. నేనూ గుమ్మం దాటబోతూ వెనక్కి చూశాను. ఖాళీ గదిలో ఫ్యాను తిరుగుతోంది. అలవాటుగా ఆపేశాను. ఏమనిపించిందో, మళ్లీ వేసి కాసేపు నిలబడ్డాను. కేక రాలేదు. అప్పుడు ఏడ్చాను.

ఫ్యాను ఆపి బయటికి వచ్చాను. ఈనాటికీ ఎవరింట్లోనైనా సరే, ఖాళీ గదిలో ఫ్యాను తిరుగుతుంటే నా చెయ్యి స్విచ్చు మీదికి పోతుంది. నొక్కేముందు ఒక్క క్షణం ఆగుతాను, ఆవిడ అరుస్తుందేమోనని.